కట్టు విప్పిన కన్నుకు అంతా నీలం

"నవ్వకవ్వా, నీకు దండం పెడ్త! కుట్లు తెగితే సిస్టరమ్మ నన్ను తంతది."

సంగమ్మవ్వ తలకు అటూ ఇటూ పెట్టిన ఇసుక సంచులు సర్దుతూ బతిమాలాను. కళ్లకు కట్టుంది. నవ్వు ఆపుకోలేక పొట్ట మాత్రం కదులుతూనే ఉంది. బయట చెరుకు పూసిందా అని అడిగితే, పూసింది, తెల్లగా నీ జుట్టు తీరు ఉంది అన్నాను. అంతే.

"నా జుట్టు తెల్లగైందా? గిన్నొద్దులు ఒక్కరన్న చెప్పలేదేందే పోరీ!"

అది 1979 చలికాలం. జహీరాబాద్ బస్టాండు వెనక సత్రంలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. ఏడో తరగతితో బడి మానేసిన నన్ను ఆయాగా తీసుకున్నారు. చెమట, ఈగలు తక్కువని ఇలాంటి క్యాంపులు చలికాలంలోనే పెట్టేవారు. మోతిబిందు అంటే కంట్లో ముదిరిన పొర. అది తీశాక రోగి కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. నాలాంటి వాగుడుకాయ పక్కనుంటే ఆ చివరిదే కష్టం. వెలుతురు పడకుండా వార్డు కిటికీలకు నల్ల కంబళ్లు కట్టాం. కట్టకపోయినా పెద్ద తేడా ఉండేది కాదేమో, బయట కూడా ముసురే. పొద్దెక్కినా పొగమంచు, మధ్యాహ్నానికే మసక.

సంగమ్మవ్వది న్యాల్‌కల్ దగ్గర పల్లె. గాజులమ్మే మనిషి. గాజులు గుచ్చిన తాళ్ల మోపును మలారం అంటారు. ఆపరేషన్‌కు వస్తూ దాన్ని కూడా మోసుకొచ్చి మంచం కింద పెట్టుకుంది. ఇంట్లో వదిలితే కోడలు తీసేసుకుంటుందని భయం. అంతకుముందు ఒక పెళ్లింట్లో పెళ్లికూతురికి ఆకుపచ్చ గాజుల మధ్య నీలం గాజులు ఎక్కించింది. ఆమె కంటికి రెండూ ఒకటే. ఆ వైపు పెళ్లికూతురికి పచ్చ గాజులే వేయాలి. వాటిని తీయించి, అందరి ముందూ నాలుగు మాటలని పంపేశారు. ఆ తర్వాత ఒక్క పెళ్లికీ పిలుపు రాలేదు.

"నా చేతులు మంచిగనే ఉన్నయ్ పోరీ. ఎంత బిగువు గాజైనా నొప్పి లేకుండ ఎక్కిస్త. కన్నే మోసం జేసింది" అనేది.

అందుకే బయటికి వెళ్లినప్పుడల్లా రంగులు చూసొచ్చి ఆమెకు చెప్పేదాన్ని. గట్టున పసుపుపచ్చగా కంది పూలు, అల్లం లారీకి కట్టిన గులాబీ కుచ్చులు, చిక్కుడు తీగకు ఊదా పూత. చీకట్లో ఆమె వాటిని ఒక్కొక్కటే తిరిగి అడిగి వినేది.

కట్టు విప్పిన రోజు డాక్టరుగారు మందపాటి అద్దాలు పెట్టారు. అవ్వ గోడను చూసింది. నా తెల్ల చీరను చూసింది. ముఖం మాడిపోయింది.

"నీలం. గోడ నీలమే, నీ చీర నీలమే. అంత నీలమే!"

"ఇన్నాళ్లూ పసుపు పొరలోంచి చూశావమ్మా. అది పోయింది కదా, కొన్నాళ్లు అన్నీ నీలంగానే అనిపిస్తాయి. తర్వాత సర్దుకుంటుంది" అన్నారు డాక్టరుగారు.

అవ్వ చెవికి 'నీలం' ఒక్కటే ఎక్కింది. వంగకూడదు కదా, కాలితోనే మలారాన్ని నా వైపు తోసింది.

"కోడలొస్తె ఇచ్చెయ్. ఇగ నాతోని కాదు."

మలారాన్ని మళ్లీ ఆమె మంచం కిందికే నెట్టాను.

మర్నాడు పొద్దున ముసురు విడిచింది. అవ్వను వరండాలో కూర్చోబెట్టి, మలారం తెచ్చి ముందు పెట్టి, కుడి చెయ్యి చాపాను. చప్పుడుకు రోగులు ఉలిక్కిపడతారని వార్డులో మాకు గాజులు వద్దనేవారు.

"పచ్చ గాజులెయ్యి అవ్వా."

"తమాష చేస్తున్నవా?"

"బోసి చేతులతోని ఎన్నొద్దులుండాలె? ఎయ్యి జర."

అవ్వ మలారాన్ని తడిమింది. తర్వాత రెండు తాళ్లు తీసి ఒళ్లో పక్కపక్కన పెట్టుకుంది. "ఇది నీలం" అంది. రెండోదాన్ని ఎండలోకి జరిపి, తిప్పి తిప్పి చూసింది. "దీని మీద గూడ నీలం నీడున్నది. కాని గిది పచ్చ."

నేను అవునో కాదో చెప్పేలోపే నా అరచెయ్యి పిసికి, బొటనవేలు లోపలికి మడిచింది. "గింత మొద్దు చెయ్యేందే, రోజు రోకలితోని దంచుతవా?" అంటుండగానే గాజులు మణికట్టు దాటాయి. నొప్పి తెలియలేదు. పచ్చవే.

సిస్టరమ్మ గుమ్మంలోంచి నా చేతిని చూసింది, అవ్వ ముఖం చూసింది, "పనయ్యాక తీసెయ్" అని వెళ్లిపోయింది.

కొన్నాళ్లు అన్నీ నీలంగానే కనిపిస్తాయన్న మాట అవ్వకు కట్టు విప్పకముందే తెలిసి ఉంటే రాత్రంతా అలా కుమిలేది కాదు. మర్నాడు కట్టు విప్పాల్సిన తాత దగ్గరికి తిన్నగా వెళ్లాను.

"తాతా, కట్టు ఇప్పంగనే అంత నీలంగ కనవడ్తది. ఆపరేషన్ ఖరాబైందని ఫికర్ చెయ్యకు. నాలుగొద్దులకు సర్దుకుంటది."

"నీకెట్ల ఎరుక?"

ఆయన చెవి దగ్గర చెయ్యి మెల్లగా ఆడించాను.

"గాజులా? ఏం రంగువి?"

"రేపు నువ్వే చూసి చెప్పు" అన్నాను.