ఆడకుండానే సెమీస్‌కి

నేను డిగ్రీ చదివే రోజుల్లో, చిత్తూరులో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారంటే జనం వింతగా చూసేవాళ్ళు కాదు, అసలు నమ్మేవాళ్ళే కాదు. "వాలీబాల్ కదా పాపా?" అని మమ్మల్నే సవరించేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు బూట్లూ జెర్సీలూ ఫోన్లో నొక్కితే ఇంటికొస్తున్నాయి (అట్లా వచ్చే సరుకు దిగే గోడౌన్లలో ఒకదానికి, రేణిగుంటలో, నేనిప్పుడు సూపర్‌వైజరుని). మా జెర్సీలు మాత్రం మా నాయన కుట్టాడు. ఆయన లేడీస్ టైలరు. జట్టుకంతటికీ పంజాబీ డ్రెస్సు కొలతలతో, నడుము దగ్గర నొక్కి, చేతులకు సన్నటి పైపింగు వేసి మరీ కుట్టాడు. అందరం వరసగా గ్రౌండులో నిలబడితే, ఒకే తానులో గుడ్డ తీయించుకుని పెళ్ళికొచ్చిన చుట్టాల మాదిరి ఉండేవాళ్ళం.

మాకు ఆట నేర్పింది ఎకనామిక్స్ మేడం. కాలేజీలో ఆటల మేడం పోస్టు ఖాళీగా ఉండడంతో ఆ బాధ్యత ఈమె నెత్తిన పడింది. పాపం, రాత్రిపూట ఫోన్లో వీడియోలు చూసి, పొద్దున మాకు నేర్పేది. ఆఫ్‌సైడు గురించి గిరాకీ, సరఫరా మాదిరి బోర్డు మీద రెండు గీతలు గీసి చెప్పింది. మాకు అర్థం కాలేదు. ఆమెకూ కాలేదేమోనని ఇప్పుడు అనుమానం. మా ఫార్వర్డుని అందరం తుపాను అని పిలిచేవాళ్ళం. బలంగా తన్నేది గానీ, ఆమె తన్నితే బంతి కంటే ముందు బూటు పోయేది. నేను గోలుకీపర్ని, పైగా కెప్టెన్ని. పొడుగున్నానని, పరిగెత్తడమంటే బద్ధకమని గోలులో నిలబెట్టారు. గొంతు పెద్దదని కెప్టెన్ని చేశారు. అంతకు మించి కారణాలేమీ లేవు.

ఆ ఏడాది తిరుపతిలో ఒక కాలేజీవాళ్ళు ఆడపిల్లలకు అంతర్ కళాశాలల పోటీ పెట్టారు. బయలుదేరే ముందు మా ప్రిన్సిపాల్ మమ్మల్ని పిలిచి, "సెమీస్ దాకా పోతేనే వచ్చే ఏడాది ఈ టీమ్ ఉంటుంది. లేదంటే బంతులన్నీ మగపిల్లలకిచ్చేస్తా. గ్రౌండు కూడా వాళ్ళకే" అన్నాడు. సాయంత్రం ఆ గ్రౌండులో గడిపే గంటన్నర కోసమే మాలో సగం మంది కాలేజీకొచ్చేవాళ్ళు. ఇంటికీ క్లాసుకూ మధ్యలో ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే. అందుకని ఆ మాట మాకు గట్టిగానే తగిలింది. బస్సులో పాకాల దాటేదాకా అందరం కిటికీల్లోంచి బయటికే చూస్తూ కూర్చున్నాం. (తర్వాత తుపాను నిమ్మకాయ పులిహోర డబ్బా మూత తీసింది. అక్కడితో దిగులు కొంత తగ్గింది.)

మొదటి మ్యాచికి పొద్దున్నే గ్రౌండుకి పోయి నిలబడ్డాం. మాతో ఆడాల్సిన వాళ్ళ బస్సు దారిలో చెడిపోయిందట, రాలేదు. విజిల్ ఊదారు, అవతలివాళ్ళు రాలేదు కాబట్టి వాకోవరు కింద మేం గెలిచామన్నారు. మరునాడూ అట్లాగే నిలబడ్డాం. ఆ జట్టుకి పరీక్ష తేదీ ముందుకు జరిగిందని, వాళ్ళు రాత్రే ఇంటికెళ్ళిపోయారట. మళ్ళీ విజిల్, మళ్ళీ మేమే గెలిచాం. మూడో రోజు ఆడదామంటే వాన. గ్రౌండులో మోకాలి లోతు నీళ్ళు నిలిచి, ఆ రోజు మ్యాచులన్నీ రద్దయ్యాయి. అట్లా మేం కాలికి మట్టి అంటకుండా రెండు గెలుపులతో నిలిచాం. పలమనేరు జట్టు మాత్రం రెండు మ్యాచులూ నిజంగా ఆడింది. ఒకటి గెలిచింది. ఇంకొకటి, అందరికంటే గట్టి జట్టయిన తిరుపతివాళ్ళ మీద, చివర్లో పడిన ఒకే ఒక్క గోలుతో ఓడింది. సెమీస్‌లో మూడు జాగాలు తేలిపోయాయి. నాలుగోది మాకా, పలమనేరుకా? లీగు పూర్తి కాకపోతే కమిటీ చెప్పిందే ఖాయమని ముందే నియమం పెట్టారు కాబట్టి, ఇద్దరు కెప్టెన్లనూ మధ్యాహ్నం గదిలోకి పిలిచారు. మా మేడం నాకు తోడొచ్చింది.

కమిటీలో ముగ్గురు. ఒకరు ఆ కాలేజీ ఆటల సారు. విజిల్ నోట్లోంచి తీయకుండానే మాట్లాడేవాడు, అందుకని ఆయన ప్రతి మాటా సన్నగా కూసేది. మేం విజిల్ సార్ అనేవాళ్ళం. రెండో ఆయన రేణిగుంటలో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన, వయసులో రైల్వే జట్టుకి ఆడాడట. ఆయన రైల్వే తాత. మూడో ఆయన పలమనేరులో పాల వ్యాపారం. మూడు రోజులూ అందరికీ మధ్యాహ్నం పెరుగన్నం పెట్టించింది ఆయనే కాబట్టి కమిటీలో కుర్చీ వేశారు. ఆయన్ను పెరుగాయన అనుకునేవాళ్ళం.

పలమనేరు కెప్టెన్ నా భుజం దాకా కూడా రాదు. అందరూ పొట్టీ అనే పిలిచేవాళ్ళు. మాట మాత్రం ఎత్తైనదే. "మేం ఆడినాం సార్. మోకాళ్ళు సూడండి" అని గీసుకుపోయిన కాళ్ళు చూపించింది. "వీళ్ళు ఈడికొచ్చి ఏం చేసినారో అడగండి. పులిహోర తిన్నారు, జడలేసుకున్నారు, గోలు పోస్టు కాడ ఫోటోలు దిగినారు. ఒక్కరి గుడ్డకన్నా మట్టి ఉండాదా?"

అన్నీ నిజాలే. అందుకే నాకు కోపమొచ్చింది. "ఓడిపోయినోళ్ళనా సార్ సెమీస్‌కి పంపేది?" అని అందుకున్నాను. "మమ్మల్ని ఇంతవరకూ ఓడించినోళ్ళు లేరు. మా మీద ఒక్క గోలు పడలేదు. ఈ పోటీలో గోలు పడని టీమ్ ఇంకొకటి ఉంటే చూపించండి!"

రైల్వే తాత కళ్ళద్దాలు సవరించుకుని, "గోలు పడాలంటే ఎదర మనిషుండాల కదమ్మా" అన్నాడు. పొట్టి కిసుక్కున నవ్వింది.

"మనిషి రాకపోతే మా తప్పా తాతా? రెండు రోజులూ మేం ఏడు గంటలకే గ్రౌండులో నిలబడినాం. వాళ్ళ బస్సు చెడిపోయింది, మా బస్సు చెడిపోలేదు. వాళ్ళు పరీక్షకని పోయినారు, మేం పరీక్ష ఎగ్గొట్టి ఉండాం." (మా పరీక్షలు ఇంకా నెలకు గానీ లేవు. ఎకనామిక్స్ మేడం దగ్గి ఊరుకుంది.) "రావడం కూడా ఆటే కదా సార్! వచ్చినోళ్ళకు విలువ లేకపోతే రేప్పొద్దున ఇంకెవరొస్తారు?"

విజిల్ సార్‌కి ఈ మాట నచ్చినట్టుంది, తలూపుతూ ఒక చిన్న కూత కూశాడు. రైల్వే తాత ఒప్పుకోలేదు. బలహీనుల మీద గెలుపు కంటే బలమైన వాళ్ళ మీద ఓటమే గొప్పదని, తాను జ్వరంతో ఆడి ఓడిన ఒక మ్యాచిని కిక్కు కిక్కునా వర్ణించి చెప్పాడు. ఆ కథ ఎంతకూ అయ్యేట్టు లేదు. చివరికి, "తిరుపతోళ్ళ మీద ఒక్క గోలుతో ఓడినారంటే సామాన్యమా? ఆ ఓటమికుండే మర్యాద మీ రెండు గెలుపులకూ లేదు" అన్నాడు.

"అట్లయితే మాకూ అవకాశమియ్యండి తాతా, మేమూ తిరుపతోళ్ళ చేతిలో ఓడిపోయి చూపిస్తాం!" అనేశాను. అన్న తర్వాతే అదేం మాటో నాకు తెలిసింది. పొట్టి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మేడం కిటికీలోంచి వానను చూడసాగింది.

విజిల్ సార్ మావైపు, తాత పలమనేరు వైపు. ఇంక మిగిలింది పెరుగాయన. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, "నన్ను యాడ ఇరికించినారప్పా ఇందులో" అన్నాడు. "మా ఊరి పిల్లోళ్ళకు చెప్తే, పెరుగాయన ఊరోళ్ళకే పెట్టుకున్నాడంటారు. వీళ్ళకు చెప్తే రేపు ఊర్లో నా పాలెవరు పోయించుకుంటారు? బొమ్మా బొరుసూ వేసేద్దాం."

"ఇదేమన్నా చీటీ పాటా?" అని తాత గద్దించాడు.

పెరుగాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పొట్టి వైపు తిరిగి, "నువ్వు బాగా ఆడతావు పాపా. నేను సూసినా. మీకే రావాల, న్యాయంగా" అన్నాడు. ప్రిన్సిపాల్ బంతులన్నీ మూటగట్టి మగపిల్లలకు ఇస్తున్నట్టు కళ్ళముందు కనిపించింది. ఆయన మళ్ళీ, "అయితే ఈ పాప చెప్పిందాన్ని కొట్టేయలేకుండా ఉండా. నా యాపారమంతా పొద్దున్నే టయానికొచ్చి క్యాన్ కింద పెట్టేవోళ్ళ మీదే నడస్తా ఉండాది. వాళ్ళను కాదన్నానంటే నేనెవుర్ని? పోనీ, చిత్తూరోళ్ళకే ఇచ్చేయండి" అని, అందరికంటే ముందు లేచి బయటికెళ్ళిపోయాడు. పొట్టి నావైపు చూడకుండా ఆయన వెనకే పోయింది. తిట్టుంటే బాగుండేది.

మరునాడు సెమీస్ తిరుపతివాళ్ళతోనే పడింది. పలమనేరువాళ్ళకు సాయంత్రం దాకా బస్సు లేదు కాబట్టి గట్టు మీద వరసగా కూర్చున్నారు. ఆట మొదలైన కాసేపటికే మొదటి గోలు నా కాళ్ళ మధ్యనుంచి పోయింది. రెండోది ఎటునుంచి పోయిందో నేను చూడలేదు. ప్రతి గోలుకీ గట్టు మీద చప్పట్లు. మధ్యలో తుపానుకి ఒకసారి బంతి దొరికి, ఉన్న బలమంతా పెట్టి తన్నింది. బంతి ఉన్నచోటే ఉండిపోయింది, బూటు మాత్రం ఎగిరి వాళ్ళ కీపరు చేతుల్లో పడింది. ఆ పిల్ల దాన్ని మర్యాదగా తెచ్చిచ్చింది.

విరామం తర్వాత చూస్తే పొట్టి గట్టు దిగి నా గోలు వెనక నిలబడి ఉంది. ఎగతాళికి వచ్చిందనుకున్నాను. "ఏందిమే, గోడకంటించిన పోస్టరు మాదిరి నిలబడతా ఉండావు? ముందుకు పో! బంతొచ్చేటప్పుడు కండ్లు మూసుకోవద్దు!" అని అరిచింది. "నాకు భయమేస్తా ఉంది" అన్నాను, నిజమే కాబట్టి. "భయమైతే అరువు. నిన్న గదిలో అరిసినావు కదా, ఆ మాదిరి!" నేను ముందుకురికి అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. బంతి వచ్చి సరిగ్గా నా పొట్టకు తగిలి ఆగింది. ఊపిరాడక బంతిని కావిలించుకుని బురదలో కూలబడ్డాను. మా జట్టు కంటే పలమనేరు పిల్లలే గట్టిగా కేకలేశారు. రైల్వే తాత గొడుగు ఎత్తి ఊపడం దూరంగా కనిపించింది.

ఎనిమిది గోలుల తేడాతో ఓడిపోయాం. ప్రిన్సిపాల్ మాత్రం మరునాడు ప్రార్థనలో మమ్మల్ని సెమీఫైనలిస్టులని మెచ్చుకున్నాడు (ఎనిమిది సంగతి మేడం చెప్పలేదు, ఆయన అడగలేదు). జట్టు నిలిచింది. ఆ తర్వాతి ఏడాది నిజం మ్యాచులే ఆడి, ఒకటి గెలిచాం కూడా. మా నాయన గెలుపోటములు అడగలేదు. నేనిచ్చిన జెర్సీని తిప్పి తిప్పి చూసి, మోచేతి దగ్గర చినిగిన చోట వేలు పెట్టి, "అయితే ఆడినార్లే" అన్నాడు.

మొన్న పనిమీద బెంగళూరు పోయి వస్తూ పలమనేరులో టీ కోసం దిగాను. బడి పిల్లల్ని వరసగా రోడ్డు దాటిస్తూ పొట్టి కనిపించింది. ఆటల టీచరట. నన్ను చూడగానే, "వాకోవరక్కా!" అని పిల్లలందరూ తిరిగి చూసేట్టు పిలిచింది. టీ తాగుతూ అన్నీ మాట్లాడుకున్నాం. చివరికి ఆ మాట రానే వచ్చింది. "ఆ రోజు మేం పోయుంటే మాక్కూడా ఓటమేలే. అయితే ఎనిమిది మాత్రం పడవు" అంది. "ఎన్ని పడేవి?" అన్నాను. నిజంగానే ఆలోచించి, "రెండు" అంది. "ఎచ్చులు! వానకు గ్రౌండంతా బురద. ఐదుకి తక్కువ పడవు" అన్నాను. టీ కొట్టాయన గ్లాసులు తీసుకుపోయాక కూడా మా వాదన తెగలేదు. డ్రైవరు హారన్ కొడితే, మూడు దగ్గర ఆపి బయలుదేరాను.

కారు ఘాట్ రోడ్డు దిగుతుంటే ఆ గదిలో నిలబడిన పొడుగు పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. బంతి ముట్టుకోకుండానే ముగ్గురు పెద్దవాళ్ళ ముందు నిలబడి, మాకే రావాలని గొంతెత్తి అడిగింది. ఇప్పుడు నేను షిఫ్టు మార్చమని అడగడానికి వారం రోజులుగా మా మేనేజరు గది ముందు తచ్చాడుతున్నాను. ఆ పిల్ల యాడన్నా ఎదురుపడితే, బతిమాలైనా సరే, ఒక్క ఐదు నిమిషాలు లోపలికి పంపిద్దును.