పరదేశి టిఫిన్ డబ్బాలో సూదులు

పరదేశి మా ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లు ఎలుకల్ని సాకాడు. ఆ ఎలుకల మీద వచ్చిన పేపర్లన్నీ టైపు చేసింది నేను. ఒక్కదాంట్లోనూ అతని పేరు లేదు. పెట్టమంటే మా వాళ్లు నవ్వారు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

వాళ్లది విజయనగరం వైపు. తండ్రి బతుకుతెరువుకి ఈ ఊరొచ్చి, రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేసి, ఆ వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనే పోయాడు. పరదేశి భార్య చిన్నమ్మతో, కూతురు ఊర్మిళతో, లారీలు తిరిగే హైవే మీదున్న టాటీబంధ్‌లో అద్దె గదిలో ఉండేవాడు. 1993 జులైలో, బడికి నడిచి వెళ్తుంటే, కూడలిలో ఊర్మిళని లారీ కొట్టేసింది. పిల్ల తల్లి కళ్లముందే పోయింది.

అప్పట్నుంచి హారన్ వినబడితే చాలు, చిన్నమ్మ పొయ్యి మీదున్నది అలాగే వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తేది. టాటీబంధ్‌లో హారన్ మోగని నిమిషం ఎక్కడుంటుంది? పరదేశి ఆమె కాలిని మంచం కోడుకి కట్టి పనికి వచ్చేవాడు. ఆ మాట చెప్పి ఏడ్చాడు. నాకూ ఏడుపాగలేదు.

ఆ ఏడు మా ల్యాబ్ పెద్ద డాక్టర్ కొండలరావుగారు ఒక కొత్త ప్రయోగం మొదలుపెట్టారు. పాలపొడి కలిపిన నీళ్ల తొట్టిలో కనబడకుండా ఒక చిన్న దిమ్మె. ఎలుక ఈదుతూ దాన్ని వెతుక్కోవాలి. మామూలు ఎలుకలు నాలుగు రోజుల్లో నేర్చుకున్నాయి. ముందుగా సూదిమందు ఇచ్చినవి ఎన్నాళ్లు ఈదినా నేర్చుకోలేదు. వాటిని తడిగుడ్డల్లా పైకి తీసి, తుడిచి, పరదేశి అనుకున్నాడు: ఇది మరిపించే మందు.

తర్వాతి వారం డాక్టరుగారు ముందు నేర్పించి, ఆ తర్వాత సూది వేశారు. ఆ ఎలుకలు తిన్నగా దిమ్మె దగ్గరికే ఈదాయి.

"సూదేసినా దారి మర్సిపోనేదేటి సాబ్?" అన్నాడు పరదేశి.

డాక్టరుగారు ఓపిగ్గానే చెప్పారు. మెదడులో ఒక కణం ఇంకో కణానికి గ్లుటమేట్ అనే రసాయనంతో కబురు పంపుతుందట. ఆ కబురు గట్టిగా, మళ్లీమళ్లీ వస్తే, అందుకునే కణం మీద ఒకరకం రిసెప్టర్లు తలుపుల్లా తెరుచుకుని, రెంటి మధ్య లంకెను చాలాకాలం ఉండేలా బిగిస్తాయట; ఆ లంకే జ్ఞాపకమట. మందు ఆ తలుపుల్ని మూస్తుంది. లంకె బిగిశాక దాన్ని నడిపించేవి వేరే రిసెప్టర్లు, వాటి జోలికి ఈ మందు పోదు.

"అంటే ముందే ఇవ్వాల."

"ముందే ఇవ్వాలి."

పరదేశి టిఫిన్ డబ్బా తెచ్చి, ఆ ఎలుకల మందే నింపిన సూదులు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరుగారి మొహం పాలిపోయింది. ఒకటి చిన్నమ్మకని నాకు అర్థమైంది. రెండోది ఎవరికని అడిగాను.

"ఆ పొద్దు పిల్ల సైకిలెక్కించుకెళ్లి బడికాడ దింపమన్నాది. ఎలకల దాణా టైమైపోనాది, అమ్మతో నడిసెల్లమన్నాను."

పరదేశి గోడ గడియారం వైపు చూశాడు.

"దాణా టైమైంది సాబ్," అని లోపలికి వెళ్లాడు.