అన్న కంప్యూటర్ తెర

మా అన్న గద్వాలలో చీరలకు డిజైన్లు గీసేవాడు. అంచులో హంసలు, కొంగులో మామిడి పిందెలు ఒక్కొక్క గడి నింపుకుంటూ కంప్యూటర్‌లో గీసిస్తే, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టించి మగ్గాలకు కట్టుకునేవారు నేతవాళ్ళు. పాత కంప్యూటర్. బరువైన సాఫ్ట్‌వేర్ మోయలేకపోతోందని అందులో తేలికగా నడిచే లినక్స్ వేసుకున్నాడు. నేను వనపర్తిలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అది మొండికేసినప్పుడల్లా నాకు ఫోన్ చేసేవాడు. ఇద్దరం ఫోన్‌లోనే మాట్లాడుకుంటూ దాన్ని దారికి తెచ్చేవాళ్ళం.

ఈసారి ఫోన్ చేసింది వదిన. అప్పటికి అన్న పక్షవాతంతో కర్నూలు దవాఖానలో ఉండి ఇంటికొచ్చి కొన్నాళ్ళయింది. కుడి చెయ్యి పనిచేయడం లేదు. మాట ఎప్పుడో ఒకటి, అదీ వంకరగా వస్తోంది.

"చెల్లె, కంప్యూటర్ పెడితే తెర వస్తలేదు. మగ్గమాయన రోజూ వచ్చి కూసుంటుండు. ఏం చెప్పాల్నో తెల్వక నీకు చేస్తున్న" అంది.

ఆదివారం బస్సెక్కాను. బీచుపల్లి వంతెన కింద కృష్ణ నిండుగా పారుతోంది. కిటికీ పక్కనే కూర్చున్నా చూడబుద్ధి కాలేదు.

నేను వెళ్ళేసరికి అన్నను మంచం మీద గోడకు ఆనించి కూర్చోబెట్టారు. వదిన చెప్పిన మగ్గమాయన, ఏళ్ళుగా అన్న డిజైన్లే నేస్తున్న పెద్దాయన, గడప దగ్గర కూర్చున్నాడు.

"మగ్గం ఖాళీగుంది బిడ్డా. ఇంకొకల దగ్గర గీయించుకొమ్మంటుండ్రు ఇంట్ల. నాకు మనసొప్తలేదు" అన్నాడు, అన్న వైపు చూడకుండా.

కంప్యూటర్ పెట్టాను. మొదట కంపెనీ గుర్తు వచ్చి పోయింది. తర్వాత అంతా నలుపు, మూలన ఒక చిన్న గీత మాత్రం మినుకుమినుకుమంటోంది. మామూలు తెర రానప్పుడు నొక్కే మీటలు కలిపి నొక్కితే తెల్లటి అక్షరాలు వచ్చి పాస్‌వర్డ్ అడిగాయి. అంటే కంప్యూటర్ పనిచేస్తూనే ఉంది, బొమ్మలు చూపించే భాగమే లేవడం లేదు.

పాస్‌వర్డ్ వదినకు తెలియదు. అన్నను అడిగాను. చెప్పాలని నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎడమ చెయ్యి చాపాడు. వదినా నేనూ పట్టుకుని కుర్చీలోకి మార్చాం. చూపుడు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. తప్పు పడింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నుదుటి చెమట వదిన కొంగుతో తుడవబోతే తల పక్కకు తిప్పుకున్నాడు. చివరికి కంప్యూటర్ మమ్మల్ని లోపలికి రానిచ్చింది.

ఏం జరిగిందో అది రాసుకున్న వరుసలన్నీ చదివాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా మధ్యలో కరెంటు పోయింది. తెరను నడిపించే పాత సాఫ్ట్‌వేర్‌ను అప్పటికే తీసేసింది, కొత్తది సగమే ఎక్కింది. తేదీ చూశాను. అన్న పడిపోయిన రోజు.

వదిన దగ్గరికొచ్చింది.

"ఆయన కుర్చీలకెళ్లి పడిపోయిండు. ఆటో వచ్చి నిలబడ్డది. ఇంట్ల ఎవ్వరుండరని అన్ని బటన్లు నేనే బంద్ జేసిన. గందుకేనా చెల్లె?"

"కాదు వదినా. పాతదైంది, గంతే" అన్నాను.

అన్న నా వైపు చూశాడు. తెర మీది ఆ వరుసలు అతనికీ చదవడం వచ్చు. చూసి, కళ్ళు దించుకున్నాడు.

నా ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, ఆగిపోయిన పనిని పూర్తి చేయమని ఆదేశం రాశాను. అక్షరాలు పైకి పరుగెత్తి ఆగిపోయాయి. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. నలుపు. చాలాసేపు నలుపే. ఇక రాదనుకుంటుండగా తెర వెలిగింది.

"వచ్చింది" అని పెద్దాయన లేచి నిలబడ్డాడు.

పడిపోయిన రోజు అన్న గీస్తున్న కొంగు తెరిచాను. పిందె ఒకవైపు ఎర్రగా నిండి ఉంది, రెండోవైపు అన్నీ ఖాళీ గడులు. అన్న ఎడమ చెయ్యి మౌస్ మీద పెట్టాడు. బాణం వణుక్కుంటూ ఎటో పోయింది. సాయం చేద్దామని నా చెయ్యి దాని మీద వేస్తే విదిలించాడు. ఒక గడి నిండింది, ఎక్కడో పిందెకు దూరంగా. ఇంకోసారి ప్రయత్నించాడు. తర్వాత చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బంద్" అన్నాడు. ఆ రోజంతా అతని నోట స్పష్టంగా వచ్చిన మాట అదొక్కటే.

"అయిపోయినయి ఉంటే గవ్వే ఇయ్యి బిడ్డా. ఇది ఉండనీ" అన్నాడు పెద్దాయన. పాత డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. పోతూ పోతూ ఆయన అన్న మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వు లేశినంక ఇది జేద్దాం" అన్నాడు. అన్న తలెత్తలేదు.

తర్వాత పెద్దాయన ఆ కొంగు ఇంకెవరి చేతనో కొత్తగా గీయించుకున్నాడట. గద్వాల బస్టాండులో కలిసినప్పుడు తనే చెప్పాడు, తల వంచుకుని. మంచి పనే చేశావన్నాను. మగ్గం ఎన్నాళ్ళని ఆగుతుంది?

కొన్ని నెలల తర్వాత వదిన ఫోన్ చేసి, అన్న పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడని చెప్పింది. సంతోషంగా వెళ్ళాను. అతను ఎడమ చేత్తో పాత డిజైన్లు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతున్నాడు. అలికిడికి కూడా వెనక్కి తిరగలేదు.

"మళ్ల గీస్తవా అన్నా?" అని అడిగాను.

"సూస్త" అన్నాడు.

పక్కన ఇంకో కుర్చీ లాక్కుని నేనూ కూర్చున్నాను. వదిన అన్నానికి పిలిచేదాకా ఇద్దరం ఆ డిజైన్లే చూస్తూ ఉన్నాం.