గేటు దగ్గర ఇంగ్లీషు

మా అమలాపురం వైపు ఇంగ్లీషు రాక కాదండీ ఎవరూ మాట్లాడనిది, పక్కవాళ్ళకన్నా ముందు మాట్లాడితే బాగోదని.

నేను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాను. మా బ్యాచ్ అంతా కోనసీమ వాళ్ళే. ప్రశ్న అడిగేనంటే చాలు, "పెద్దవారు, ముందు మీరు కానివ్వండి" అని ఒకరు, "అబ్బే, మీరు కానివ్వండి" అని ఇంకొకరు. ఈ మర్యాదలు తెమిలేసరికి గంట గడిచిపోయేది. అర్థమైందా అంటే మాత్రం చాట్‌లో వరసగా "ఆయ్", "ఆయ్". అవి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

మురమళ్ళ పిన్నిగారైతే మరీను. గుడి దగ్గర యాత్రికులకి గదులు అద్దెకిస్తారావిడ. స్వామివారికి కల్యాణం చేయించడానికి తెలుగు రానివాళ్ళొస్తే చేతులూపుకుంటూ చెప్పాల్సొస్తోందని చేరేరు. చేరిన దగ్గర్నుంచి నోరు విప్పలేదు.

మా కంపెనీవాళ్ళకి ఒక మీటరుంది. క్లాసు టైములో ఎవరెంతసేపు మాట్లాడేరో కొలుస్తుంది. మాది ఎప్పుడూ ఎరుపే. చివరికి హైదరాబాదు నుంచి సూపర్‌వైజరు ఫోన్ చేసి, "రేపు నేనూ క్లాసులో కూర్చుంటానండీ. రేపూ ఇలాగే ఉంటే బ్యాచ్ తీసేస్తాం" అన్నారు. బ్యాచ్ పోతే నా ఉద్యోగమూ పోయినట్టే. ఇష్టపడి చేసుకుంటున్న పని. నిజంగా భయమేసింది.

ఆ సాయంత్రం మా ఇంటికి చుట్టాలొచ్చేరు. లోపల కూర్చున్నంతసేపూ కాఫీ, ఎండలు, అంతే. "వెళ్ళొస్తామండీ" అని లేచి గేటు దగ్గరకి వెళ్ళేక మొదలయ్యేయి అసలు కబుర్లు. పెళ్ళిసంబంధాలు, పొలం తగువులు, మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు పీకుతున్నా ఒక్కరూ కదలరు. మా క్లాసూ ఇంతే కదా అనిపించింది. నేను బై చెప్పేకే అందరి మైకులూ తెరుచుకుంటాయి. కాకపోతే అదంతా తెలుగులో, టైమయిపోయేక. మీటరుకి అక్కర్లేదు.

మర్నాడు అందరూ చేరగానే, "ఇవాళ్టికి క్లాసు అయిపోయిందండీ, ఇక వెళ్ళిరండి. గేటు దగ్గర మాత్రం ఇంగ్లీషే" అన్నాను. సూపర్‌వైజరు మొహం పాలిపోయింది. చాట్‌లో మళ్ళీ వరసగా "ఆయ్", "ఆయ్". నా పని అయిపోయిందనుకున్నాను.

"మేడమ్, ఐ గో," అని వినబడింది. పిన్నిగారు. "యూ ఈట్?"

"ఈటెన్ అండీ," అన్నాను.

"వాట్ కర్రీ?" అని రాజోలు నుంచి ఒకావిడ అందుకున్నారు. అంతే, అందరూ కబుర్లలోకి దిగిపోయేరు. నా కూర సంగతి అయిపోయేక కొత్తమనిషి కదాని సూపర్‌వైజరు మీద పడ్డారు. "యూ కమ్ మురమళ్ళ," అన్నారు పిన్నిగారు. "హస్బెండ్ ఆల్సో కమ్. మై రూమ్ గుడ్. మార్నింగ్ హాట్ వాటర్." రోజూ చేతులూపి చెప్పే మాటలవి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి.

సూపర్‌వైజరు బై అన్నప్పుడల్లా, "వన్ మినిట్ మేడమ్" అంటూ ఎవరో ఒకరు ఆపేస్తున్నారు. క్లాసు టైమూ దాటిపోయింది. అప్పుడు నాకొక్కదానికే మెసేజి పెట్టేరావిడ: "బ్యాచ్ ఉంచుతామండీ. ముందు నన్ను ఈ గేటు దాటించండి."

ఎలా దాటించను? పెద్దవారు ఇంకా మాట్లాడుతున్నారు.