అట్లాసు మీద ఎర్రమరక

మొన్న నా తెల్లచొక్కా మీద పడిన పసుపు మరకకు కోడలు సబ్బు రుద్దగానే అది కాస్తా ఎర్రబడింది. ఇంట్లో అందరూ నవ్వారు, నేను మాత్రం నవ్వలేక వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను.

ఎనభైల్లో నేను ఆర్మూర్ పసుపు మార్కెట్లో గుమాస్తాను. అప్పటికే పెళ్లయి, పిల్లలు పుట్టి, పుస్తకాల పిచ్చి మాత్రం వదలనివాణ్ని. మా మేనత్త కూతురు ఇంట్లో బీడీలు చుట్టేది, సీజనులో మార్కెట్లో పసుపు ఏరడానికి వచ్చేది, పని దిగాక చేతులు తోముకుని గ్రంథాలయానికి వచ్చేది. అక్కడ ఒళ్లో పట్టనంత పెద్ద అట్లాసు ఉండేది. ఎప్పుడో చైనా నుంచి కాలినడకన వచ్చిన ఒక బౌద్ధ భిక్షువు జీవితచరిత్ర పక్కన పెట్టుకుని, ఆయన ఆగిన ఊళ్లన్నీ అందులో వెతికేవాళ్లం. మరదలు పటాన్ని వేలితో తాకేది కాదు, చీపురుపుల్లతో చూపేది. బీడీలు కట్టే దారాన్ని దారి వంపుల వెంట పరిచి, దూరం కొలిచి, ఎన్ని రోజుల నడకో తేల్చేది. నేను ఊళ్ల పేర్లు అప్పజెప్పి పండితుణ్ననుకునేవాణ్ని, ఆమె ఒక్క ప్రశ్న వేస్తే నా పాండిత్యం పరారయ్యేది.

"వానకాలంల గీ నది ఎట్ల దాటిండు బావా? పుస్తకం రాసినాయన పటం చూడనే లేదు!"

అలాంటి తప్పులన్నీ దిద్దుతూ ఆమె ఒక నోటుపుస్తకం నింపుతుండేది. అది భిక్షువు దారిలో సగం దాకా వచ్చింది.

ఒకరోజు ఆమె రాకముందే నేను బస్తాల దగ్గర్నుంచి నేరుగా వచ్చి, కడగని వేలితో పటం మీద గీత లాగాను. పచ్చటి చార పడింది. కంగారుగా రుమాలుకు సబ్బు రాసి తుడిచాను. పసుపు ఊళ్లో పుట్టి, సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని మరిచిన ఘనుణ్ని నేనే. అట్లాసు మూసి, ఏమీ ఎరగనట్టు పత్రిక చేతపట్టాను.

మర్నాడు మేమిద్దరం ఉండగా లైబ్రరీ సారు అట్లాసు తెరిచాడు. తెరిచి, నా వైపు కాదు, ఆమె చేతుల వైపు చూశాడు.

"పసుపు ఏరే చేతులతోని పుస్తకాలు పట్టుడేంది? రేపటి సంది రావద్దు."

ఒక్క మాట చెబితే సరిపోయేది. నా కార్డు పోతుందని, నలుగురిలో పరువు పోతుందని, పత్రికలో పేజీ తిప్పాను. ఆమె నోటుపుస్తకం తీసుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. మరుసటి ఏడు పెళ్లయి ముప్కాల్ ఊరి కోడలైంది. నోటుపుస్తకం సగంలోనే ఆగింది. నేను మాత్రం బడులకు వెళ్లి చరిత్ర మీద ఉపన్యాసాలిచ్చాను.

తొంభైల్లో ఒక పెళ్లిలో కలిసినప్పుడు ధైర్యం చేసి నిజం చెప్పబోయాను.

"గది నాకు గప్పుడే ఎర్క బావా," అంది వక్క నోట్లో వేసుకుంటూ. "నువ్వు చెప్తవేమోనని బయట మెట్ల మీద జరసేపు నిలబడ్డ."

ఇప్పుడు ఆ గ్రంథాలయంలో కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివే ఆడపిల్లలవే, ఎవరి చేతులూ ఎవరూ చూడరు. కాలం మారిందని నా వయసువాళ్లంతా మురిసిపోతుంటారు. మారింది, నిజమే. అది మారడంలో నా చెయ్యి మాత్రం లేదు.