గడ్డిలో లేని తేలు

మా మనవరాలిని కరాటేలో చేర్పించి మూడు నెలలవుతోంది. పటమటలో ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో ఉంది ఆ స్కూలు. ఒక గోడంతా అద్దం, నేలంతా నీలం రంగు రబ్బరు చాపలు, చెప్పులు మెట్ల మీదే వదిలెయ్యాలి. కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది కనుక పిల్లను తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. వాళ్ళు వేసుకునే తెల్లబట్టలు రెండు సైజులు పెద్దవి కొనిపించి, పంట్లాం కాళ్ళు లోపలికి మడిచి కుట్టాను, ఎదిగేకొద్దీ విప్పుకుంటూ పోతే మూడేళ్ళు వస్తాయని. మొదటి వారం గంజి కూడా పెట్టాను. ఆ బట్టల్లో పిల్ల చెయ్యి విసిరితే ఫట్‌మని చప్పుడొస్తుంటే మాస్టారు మురిసిపోయి, మిగతా తల్లులకు కూడా గంజి పెట్టమని చెప్పారు.

ఈమధ్య ఆ మాస్టారే నన్ను పక్కకు పిలిచారు. గుద్దు గుద్దినప్పుడల్లా పిల్లలు కడుపులోంచి ఒక కేక వెయ్యాలట, అది కూడా ఆ విద్యలో భాగమేనట. మా పిల్ల నోరు తెరుస్తోంది గానీ గొంతు బయటికి రావడం లేదట.

"చెయ్యి బావుందండీ, కాలు బావుందండీ, అరుపొక్కటే లేదు. అదిలేకుండా పసుపు బెల్టు ఇవ్వలేనండీ. ఇంట్లో అల్లరి చెయ్యదా అమ్మగారూ?"

"నేను చెయ్యనివ్వను" అన్నాను, గొప్పగానే.

ఆయన నవ్వి, "అదేనండి మరి" అని వెళ్ళిపోయారు.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. నిజమే, పిల్ల పాకే వయసు నుంచీ పెద్దగా నవ్వితే నేను కళ్ళెర్రజేసినదాన్నే, దాని గొంతు పక్కవాటాలోకి వినబడకుండా పెంచినదాన్నే. ఆటోలో ఇంటికొస్తుంటే నా చెల్లెలు గుర్తొచ్చింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాసే పద్ధతి తెలియదు. నా ఈడువాళ్ళు సర్దుకుని చదువుకుంటారని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా నాన్న పోయిన ఏడాది నుంచి ఎండాకాలం వస్తే అక్కాచెల్లెళ్ళమిద్దరం మైలవరం అవతల ఒక మామిడి షెడ్డుకు కాయలు సర్దే పనికి వెళ్ళేవాళ్ళం. నేను చెప్పే ఏడు నాకు ఇరవై ఒకటి, దానికి పద్దెనిమిది. చెక్కపెట్టెలో వరిగడ్డి పరిచి, తొడిమలు ఒరుసుకోకుండా కాయలు వరసగా పేర్చి, మళ్ళీ గడ్డి కప్పాలి. తొడిమల దగ్గర కారే జీడి తగిలి వేళ్ళ సందులు పొక్కిపోయేవి. రాశి దగ్గర ఒక మనిషి కూర్చుని పైకి లెక్క పిలుస్తూ కాయలు అందిస్తే, ఆ లెక్క ప్రకారం మిగతావాళ్ళం పెట్టెలు నింపేవాళ్ళం. అప్పట్లో లెక్కలో మొదటిదాన్ని ఒకటి అనేవాళ్ళం కాదు, లాభం అనేవాళ్ళం. మీకూ గుర్తుండే ఉంటుంది. లాభం, రెండు, మూడు అని మా చెల్లెలు పిలుస్తుంటే షెడ్డు చివర లారీ దగ్గరున్నవాళ్ళకు కూడా వినబడేది. ఆ గొంతు చూసే దానికి ఆ పని ఇచ్చారు, ఎండలో పెట్టెలు మోసే బాధ తప్పిందని నేనూ సంతోషించాను.

రాశి దగ్గరే మా పని అజమాయిషీ చేసే మేస్త్రీ కూడా తిరుగుతుండేవాడు. కాయ ఏరుతున్నట్టు వంగి ఆడవాళ్ళ మీద చేతులు వెయ్యడం వాడికి అలవాటు. అది అందరికీ తెలుసు, అయినా ఎవరికి వాళ్ళం పక్కకు జరిగి కూర్చునేవాళ్ళం. ఒక మధ్యాహ్నం పదిహేడు దాకా వచ్చిన లెక్క ఠక్కున ఆగిపోయి, "చెయ్యి తియ్యరా!" అని ఒక కేక వినబడింది. షెడ్డు రేకులు అదిరాయి. లారీ ఎక్కించేవాళ్ళు తలలు తిప్పారు. నేను పరుగున వెళ్ళి, ఏమైందని అడగకుండా దాని నోటికి నా అరచెయ్యి అడ్డంపెట్టి, "తేలు! తేలు కుట్టిందండీ!" అన్నాను.

పని పోతుందని ఒక భయం, ఊళ్ళో పేరు పోతుందని ఇంకో భయం. అంతకన్నా పెద్ద కారణం నా దగ్గర లేదు. కానీ ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా తల దించుకుపోతుంది. షెడ్డులో ఉన్న పాతికమంది ఆడవాళ్ళూ నిజం తెలిసే గడ్డి తిరగేసి తేలును వెతకడం మొదలుపెట్టారు. మేస్త్రీ కూడా ఒక కర్ర తీసుకుని, ఎంతో బాధ్యతగా గడ్డి కదిలించాడు. ఒక ముసలావిడ తన సద్దిమూటలోంచి ఉల్లిపాయ తీసి, చితక్కొట్టి, ఏ గాయమూ లేని మా చెల్లెలి చేతికి రుద్దింది. అది ఏడవలేదు. చెయ్యి అలా చాపి నా వంకే చూస్తూ కూర్చుంది.

మర్నాడు దాన్ని లెక్క పిలవమంటే నోరు విప్పలేదు. నోట్లో గొణిగితే లెక్క తప్పుతోందని పెట్టెలు మొయ్యడానికి పంపారు. మా అమ్మ మాత్రం పెద్దదానివి అనిపించుకున్నావని నన్ను మెచ్చుకుంది.

ఆ మరుసటేడు గుడివాడ పక్క సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. అత్తవారింట్లో ఎలా ఉందో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. నోరులేని మంచిదని వాళ్ళంటుంటే మా పెంపకమేనని మురిసిపోయాను కూడా. కడుపులో నొప్పిని ఎన్నేళ్ళు దాచిందో ఏమో, చివరికి బెజవాడ ఆస్పత్రికి తీసుకొచ్చేసరికి డాక్టరుగారు పెదవి విరిచేశారు. మంచం పక్కన కూర్చుని నేను కోప్పడ్డాను.

"నోరుందిగా, ఒక్క మాట చెప్పొచ్చుగదే!"

"చెబితే నువ్వు తేలంటావుగా అక్కా" అని నవ్వింది.

అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ మా ఇద్దరి మధ్యా ఆ షెడ్డు ఊసు రాలేదు. మూడు వారాలకు పోయింది.

మాస్టారు ఆ మాటన్న మర్నాడు మనవరాలిని డాబా మీదికి తీసుకెళ్ళి, అరవవే, ఎవరూ ఏమీ అనరు అన్నాను. అది చుట్టుపక్కల డాబాల వంక చూసి, నా మొహం చూసి, "నువ్వే తిడతావు నానమ్మా" అంది. తిట్టనని ఒట్టేశాను. నోరు తెరిచింది గానీ, గాలి తప్ప ఏమీ రాలేదు. మా చెల్లెలి నోటిమీద పెట్టిన చెయ్యి నేను ఇంకా తియ్యలేదా అనిపించింది.

పోయిన ఆదివారం బెల్టు పరీక్ష. పాప అస్తమానం మీవైపే చూస్తోందండీ, కాస్త బయట కూర్చోండి అన్నారు మాస్టారు. తలుపు వేశారు. మెట్ల మీద చెప్పుల మధ్య కూర్చున్నాను. మా రోజుల్లో ఆడపిల్ల నోరు మూయించడానికి ఇంటికొక పెద్దది ఉండేది, దానికి ఎవరూ జీతం ఇవ్వలేదు. ఇప్పుడు అరవడం నేర్పమని ఫీజు కట్టి పంపుతున్నాం. కాలం మంచివైపే మారింది, కాదనను. కానీ నాలాంటివాళ్ళు దానికి ఎదురు రాకుండా గడప బయట కూర్చోవాల్సి వస్తోంది.

లోపల ఒక్కసారిగా కేకలు మొదలయ్యాయి. ఇరవైమంది పిల్లలు. చెవి తలుపుకు ఆనించాను.

తలుపు తీసేసరికి మనవరాలు చెమటతో, నడుముకు పసుపు బెల్టుతో పరుగెత్తుకొచ్చింది.

"విన్నావా నానమ్మా? నాది విన్నావా?"

విన్నానన్నాను. ఆ ఇరవై గొంతుల్లో దానిది ఏదో నాకు తెలియలేదు.