సుంకప్ప కాలికింద మిషన్

మా సుంకప్పన్న సంగతి చెప్తా వినండప్పా. వినినాక మీకు నా మీదే కోపం వస్తాదేమో, రానీండి. నాకైతే ఎవరి మీద కోపం చేసుకోవల్లో ఇంకా తెలీలేదు.

నాది పిండిమర. బెళుగుప్పకు పోయే దావలో, మా ఊరి మొదట్లోనే ఉండాది. మరకు ఆనుకోనే సుంకప్పన్న ఇల్లు, ఆ ఇంటి ముందర పడసాలలో ఆయప్ప కుట్టుమిషన్. కరెంటుతో గుర్రుమనే ఇప్పటి రకం కాదు. నల్లటి మిషన్, దాని మీది బంగారు రంగు పూలు ఎప్పుడో అరిగిపోయినాయి. కింద రెండు కాళ్లూ పెట్టి తొక్కే ఇనుప పలక, పక్కన పెద్ద చక్రం, ఆ చక్రం నుంచి పైకి తోలుబెల్టు. చిన్నప్పుడు గుంతకల్లులో రైల్వేవాళ్ల యూనిఫారాలు కుట్టే ముసలాయన దగ్గర పని నేర్చుకున్యాడంట. ఆయనకు కండ్లు ఆనక పని మానుకుంటే, ఆ మిషన్నే ఊరికి తెచ్చుకున్యాడు. మోటరు పెట్టుకోన్నా అని నేను శానాసార్లు చెప్పినా. "కరెంటు పోతే మోటరు నిలబడతాది. నా కాలు యాడికి పోతాదిరా ఓబులేసూ?" అనేవాడు. ఏం మాట్లాడేది అట్లాంటోనితో!

వానల్లేని ఏండ్లలో ఊరు సగం బెంగళూరికి మూటాముల్లె కట్టుకుంటే, ఆయప్ప మాత్రం కదల్లేదు. ఆడోళ్ల రవికలు, పిల్లోళ్ల నిక్కర్లు, గొర్రెలోళ్ల సంచులు, ఏది తెచ్చినా కుట్టి ఇచ్చేవాడు. నా మర మోత ఆగితే పక్కన టకటకమని ఆ మిషన్ చప్పుడు వినపడేది. అది వినపడితే నాకు ధైర్యంగా ఉండేది, నిజం చెప్తాండా.

మనిషి మంచోడే గానీ, మిషన్ దగ్గర మాత్రం మా చెడ్డ కోపిష్టి. దాన్ని ఎవరూ తాకగూడదు. పొద్దున్నే కోడీకతో లోపలి దూది, దుమ్ము అంతా ఊడ్చేవాడు. మా ఎర్రదుమ్ము సంగతి మీకు తెల్సు కదా, మూసిన పెట్టెలోకి గూడా దూరతాది. తర్వాత చిన్న సీసాలోని సన్న నూనె ఒక్కో బొక్కలో ఒక్కో చుక్క వేసి, కుడిచేత్తో పైచక్రం తిప్పి, చెవి పెట్టి వినేవాడు. ఆ పని పెండ్లానికి గూడా చెప్పలేదు. ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ పెట్టేదానికి తప్ప మా రామాంజినమ్మ వదిన దాని మీద చెయ్యి వేసింది నేను చూడలేదు. ఏ నూనె వేస్తాడో, ఎందుకు వేస్తాడో ఆయమ్మకు ఎట్ల తెలుస్తాది?

పోయిన ఎండాకాలం గుడ్డ కత్తిరిస్తా కత్తిరిస్తా పడిపోయినాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు రెండూ పడిపోయె, మాట గూడా మొద్దుబారె. అనంతపురం పెద్దాసుపత్రికి తీసకపోయినాం. ప్రాణం దక్కింది. ఇంటికి పంపించేటప్పుడు ఆడుండే డాక్టరమ్మ ఒగ మాట చెప్పింది. "కాలికి పని పెట్టల్ల పెద్దాయనా. పని పెడితే వస్తాది, పెట్టకుంటే ఉండేది గూడా పోతాది. మీకు మిషన్ ఉందంట కదా, కాలు కొంచెం తేలినాక దాన్నే తొక్కండి."

ఇంకేం, ఆయప్ప ఆ మాట పట్టుకున్యాడు. లోపలి గదిలో మంచం మీద కూర్చోని పొద్దంతా గోడకు పాదం ఆనించి నెట్టేవాడు. చెమటలు కారిపోయేవి. నేను పోతే, "చూడ్రా, బొటనవేలు కదుల్తాండాది చూడు," అని చూపించేవాడు. కదిలేది, నా కండ్లారా చూసినా. కొన్నాళ్లకు మడమ గూడా లేపినాడు. "దసరాలోపల తొక్కుతా. తొక్కితే మనిషినైనట్టే, లేకుంటే లేదు," అని పందెం కట్టినట్టు నవ్వుతా చెప్పేవాడు. నేను ఆ నవ్వు చూసి మరకు పోయి ఒంటిగా ఏడ్చుకున్యా, సంతోషానికే.

ఇంట్లో జరిగింది నాకు తర్వాత తెలిసింది గానీ, వరసగా చెప్తాండా కాబట్టి ఈడనే చెప్తా. మొగుడు లేచేసరికి మిషన్ సిద్ధంగా ఉండల్లని వదినకు ఒగటే ఆశ. సీసాలో సన్న నూనె అయిపోయింది. అంగడి నూనెలో ఏం కలుపుతారో ఏమో, దానికంటే మన చేన్లో పండిన బుడ్డల నూనె, గానుగలో ఆడించింది, దేవునికి పోసే నూనె, ఇంతకంటే మంచిది యాడుంటాది అనుకునింది. పాపం, మాకు బుడ్డలే కదప్పా అన్నీ, అదే వేరుశనక్కాయలు. వాన పడినా బుడ్డలే, పడకున్నా బుడ్డలే. మాపటేల దీపానికి పోసి, అదే గిన్నెతో మిషన్ బొక్కల్లో గూడా పోసేది. చుక్క కాదు, బిడ్డకు తలంటినట్టు పోసేది. దండం పెట్టుకోని, గుడ్డ కప్పేది. తాకితే కోపం చేసుకుంటాడని చక్రం మాత్రం తిప్పలేదు.

బుడ్డల నూనె కూరకు మంచిదే. ఇనుములో పోసి వదిలేస్తే మాత్రం నాలుగు ఎండలకు బంకగా తిరుగుతాది. దాంట్లోకి మా దుమ్ము చేరితే ఇంక చెప్పే పనే లేదు.

దసరా ముందర ఒగ పొద్దు కబురు పెట్టినాడు, తొక్కుతా రమ్మని. నేను మర నిలిపేసి పోయినా. వదిన తలంటి పోసి, ఉతికిన పంచ కట్టించింది. నేనూ వదినా చెరో పక్క పట్టుకోని స్టూలు మీద కూర్చోబెట్టినాం. మామూలుగా కుడిచేత్తో చక్రం ఒగ తిప్పు తిప్పి తొక్కేవాడు కదా, ఆ చెయ్యి లేవదాయె. "నేను తిప్పేదా అన్నా?" అంటే, "తాకొద్దు. కాలితోనే కదిలిస్తా," అన్యాడు. ఎడమకాలు స్టూలు కిందికి మడిచి పెట్టుకున్యాడు, అది సాయం చేస్తే దీని బలం తెలీదని. కుడిపాదం పలక మీద పెట్టి నెట్టినాడు.

పలక ఇంత కదిలి నిలబడిపోయింది.

మళ్లా నెట్టినాడు. మెడ నరాలు ఉబ్బినాయి, పండ్లు కరుచుకున్యాడు. పలక కదల్లేదు. అందరి కండ్లూ ఆ కాలి మీదే. మిషన్ ఎవరు చూస్తారప్పా? మనిషికి రోగం వచ్చింది గానీ మిషనుకు రాలేదు కదా! వదిన చీరకొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది. ఆ ఏడుపు ఆయన చూసినాడు. పాదం మెల్లగా ఎడమచేత్తో ఎత్తి నేల మీద పెట్టుకోని, "చాల్లే, పండుకోబెట్టండి," అన్యాడు.

అంతే. ఆ పొద్దు నుంచి గోడకు పాదం ఆనించలేదు. వదిన కాలికి నూనె రుద్దబోతే ఈడ్చుకునేవాడు. నేను తిట్టినా, బతిమాలినా, గదమాయించినా. ఎవరికి చెప్తాండావులే అన్నట్టు గోడ పక్కకు తిరిగి పండుకునేవాడు. మాట గూడా తగ్గిపోయింది.

దీపావళి పోయినాక వదిన వచ్చి, "ఏమప్పా ఓబులేసూ, బువ్వకు పడసాలలోకి తెచ్చి కూర్చోబెడితే, మిషన్ చూసి ఆయప్ప తినడంలేదు. యాడన్నా మూలకు జరుపుదువు రా," అనె. పోయినా. జరపబోయే ముందు తోలుబెల్టు తీసేద్దామని పైచక్రం పట్టుకోని తిప్పినా.

తిరగలేదు.

రెండు చేతులతో తిప్పినా తిరగలేదు. మర తిప్పే చేతులివి! వంగి చూస్తే, బొక్కల్లో, ఇరుసుల దగ్గర అంతా ముదురు పాకం మాదిరి బంక, దాన్నిండా ఎర్రదుమ్ము. "వదినా, దీంట్లో ఏం పోసినావు?" అన్యా. "బుడ్డల నూనె. మాపు మాపు తప్పకుండా పోసినా," అనె, నూనె గిన్నె ఎత్తి చూపిస్తా, నేను మెచ్చుకుంటాననుకోని. నాకు తిక్క రేగి, "నీ నూనె మన్నుగాను! ఆ పొద్దు బిగుసుకునింది కాలు కాదు వదినా, మిషన్!" అని అరిచేసినా. ఆయమ్మ గిన్నె పట్టుకోని అట్లనే నిలబడిపోయింది. ఆ మొగం చూడలేక నేను మరకు నడిచినా.

మరలోని కిరసనాయిలు తెచ్చి, ఇరుసు ఇరుసుకూ పోసి, తుడిచి, మళ్లా పోసి, సాయంత్రానికి బంకంతా కరిగించినా. సన్న నూనె వేసినా. ఇప్పుడు ఒంటివేలితో తోస్తే చాలు, చక్రం గిర్రున తిరుగుతాండాది. లోపలి గదిలోకి పరిగెత్తుకోని పోయి అన్నకు చెప్పినా. ఆయప్ప నవ్వినాడు. నన్ను ఓదార్చేదానికి బాగా కత అల్లినావులే అన్నట్టు నవ్వినాడు.

వదిన ఆయన కాళ్ల దగ్గర కూర్చునింది. "కత కాదయ్యా. నేనే పాపిష్టిదాన్ని. బుడ్డల నూనె పోసి నేనే చెడగొట్టినా."

"ఏమే, ఆ పొద్దు నేను తొక్కినప్పుడు నువ్వు ఏడ్చినావు," అన్యాడు మెల్లగా. "నా కాలు పోయిందని నాకంటే ముందు నువ్వే నమ్మితివి. ఇప్పుడు తప్పు మిషనుదని ఎట్ల నమ్మేది?"

వదిన ఆయన కాళ్లు పట్టుకోని, ఒక్కసారి, నా కోసరం ఒక్కసారి తొక్కు అని మొత్తుకునింది. ఆమె పోరు పడలేకనే ఒప్పుకున్యాడు. నేను ఎత్తుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టినా. ఎత్తినప్పుడే నాకు తెలిసింది. పంచ కింద కుడికాలు కట్టెపుల్లంత అయిపోయింది. పని పెట్టకుంటే ఉండేది గూడా పోతాదని డాక్టరమ్మ చెప్పింది కదా, పోయింది.

వదిన ఆ పాదాన్ని రెండు చేతులతో ఎత్తి పలక మీద పెట్టింది. ఆయప్ప కండ్లు మూసుకోని నెట్టినాడు. మొగం ఎర్రబడె. వేలితో తోస్తే తిరిగే చక్రం, వెంట్రుకవాసి గూడా కదల్లేదు. బొటనవేలు గూడా కదల్లేదు.

నేను గోడ పక్కకు తిరిగినా. వదిన పలక మీద తల పెట్టి ఏడుస్తాంటే, సుంకప్పన్న ఎడమచేత్తో ఆమె తల నిమిరినాడు. ఎన్నో దినాలకు ఆయప్ప గొంతు మెత్తగా వినపడె.

"చూసినావా? నీ నూనెది ఏం తప్పు లేదు. ఏడవొద్దు."